గండం తప్పితే రాసి పెట్టండి: వార్డులో కొత్తగా చేరిన సిస్టర్లకు

ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే ఒక అమ్మాయి కిందటేడు మా వార్డుకు ఫారాలు పట్టుకుని వచ్చింది. పేషెంట్ల భద్రత గురించి నర్సులు ఏమనుకుంటున్నారన్నది ఆమె థీసిస్. అందులో ఒక ప్రశ్న: "మీ వార్డులో పొరపాటు జరిగితే భయం లేకుండా పైవాళ్ళకు చెప్పగలరా?" అందరం "చెప్పగలం" మీద టిక్కు పెట్టాం. నేనూ పెట్టాను. అదే వారంలో ఒకరి యాంటిబయాటిక్ బాటిల్ ఇంకొకరి స్టాండుకు తగిలించి, గొట్టం కలిపే ముందు చూసుకుని తీసేశారు. నా కళ్ళ ముందే జరిగింది. ఆ సంగతి ఏ రిజిస్టర్లోనూ లేదు. నేనూ రాయలేదు.

నాది దేవరకొండ పక్కన ఊరు. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి ఇరవై మూడేళ్ళయింది. మొదట ప్రైవేటు నర్సింగ్ హోముల్లో చేశాను, తరవాత సర్కారు దవాఖానకు వచ్చాను. ఇప్పుడు మెడికల్ వార్డు ఇంచార్జిని. ఆ ఫారంలో నేను పెట్టిన టిక్కు అబద్ధం. అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా డ్యూటీలో చేరిన చెల్లెళ్ళు, తమ్ముళ్ళు దీన్ని పనిలో పెట్టుకుంటే నాకు అంతే చాలు.

పేరు అడిగే తీరు

మా నల్లగొండ దిక్కు పేర్ల సంగతి మీకు తెలిసిందే. యాదగిరిగుట్ట స్వామి పేరు మీద యాదయ్యలు, యాదమ్మలు, నర్సింహలు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టినోళ్ళు సైదులు, సైదమ్మలు. ఒక్క ఫిమేల్ వార్డులోనే ముగ్గురు సైదమ్మలున్న రోజులు నేను చూశాను. అందులో ఇద్దరికి ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే.

అందుకని ఎప్పుడూ "నువ్వు సైదమ్మవేనా?" అని అడగకండి. జ్వరంతో మగతగా ఉన్న ముసలావిడ, చెవులు సరిగ్గా వినపడని ముసలావిడ దేనికైనా "ఆఁ" అంటుంది. నర్సమ్మ అడిగితే కాదనడం మర్యాద కాదనుకునే వాళ్ళూ ఉన్నారు. "నీ పేరేందమ్మా? ఏ ఊరు?" అని అడిగి, ఆమె నోటితోనే చెప్పించాలి. చెప్పింది కేస్ షీట్ మీద పేరుతో, ఐపీ నంబరుతో (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) కలవాలి. మన దగ్గర పెద్దామెలు పెనిమిటి పేరు నోటితో అనరు, సిగ్గుపడి ఊరుకుంటారు. ఆ సిగ్గును మనం జవాబు అనుకోవద్దు. కొడుకు పేరు అడగండి, చక్కగా చెప్తుంది.

బెడ్ నంబరును నమ్మి మందు ఇయ్యొద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను తిరగని మంచం మీద ఎవరుంటారు? మధ్యాహ్నం మనం అన్నానికి పోయి వచ్చేలోపు 11లో ఉన్నాయన 15కి మారిపోతాడు, చేతి నరంలో పెట్టిన కాన్యులా గొట్టంతో సహా. ఆయనను తప్పు పట్టలేం. మనం మంచానికి మందు ఇస్తున్నామా, మనిషికి ఇస్తున్నామా అన్నదే చూసుకోవాలి.

ఎర్రగీత

నేను డ్యూటీలో చేరిన రెండో ఏడు. ఒక నర్సింగ్ హోమ్, పేరు వద్దు. రాత్రి ఒంటిగంట దాటింది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటిబయాటిక్ పొడి వయల్ (చిన్న సీసా) నీళ్ళతో కలపాలి. ట్రేలో డిస్టిల్డ్ వాటర్ యాంపుల్స్, పొటాషియం క్లోరైడ్ యాంపుల్స్ ఒకే అరలో పడి ఉన్నాయి. రెండూ 10 మిల్లీలవే, రెండిట్లోనూ నీళ్ళలాంటి ద్రవమే. ఒకటి తీసి, మెడ విరిచి, సిరంజిలోకి లాగాను. పక్కన ఆయా కిడ్నీ ట్రే పట్టుకుని నిలబడింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

"సిస్టరమ్మా, నీళ్ళ సీసకు మెడకాడ ఎర్రగీత ఉండదు గదా?" అన్నది.

చేతిలో విరిగిన యాంపుల్ తిప్పి చూశాను. పొటాషియం క్లోరైడ్. ఆ 10 మిల్లీల్లో 20 మిల్లీఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. సెలైన్‌లో కలిపి గంటల తరబడి నిదానంగా ఎక్కించాల్సిన మందు అది. నేరుగా నరంలోకి పోతే గుండె ఆగుతుంది. సిరంజి పారబోశాను. గండం తప్పింది అనుకున్నాను. ఆయా రెండు చేతులూ పట్టుకుని, "ఎవరికీ చెప్పకు అక్కా" అని బతిమాలాను. ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

రెండు నెలలకు అదే ట్రే, అదే అర. ఈసారి నాకన్నా చిన్న అమ్మాయి. ఆయా పక్కన లేదు. మందు ఎక్కుతుంటే పేషెంట్ "చెయ్యి మండుతున్నదమ్మా, ఆపు" అని అరిచాడు. ఆమె వెంటనే ఆపింది. డ్యూటీ డాక్టరు ఉరికొచ్చి ఈసీజీ పెట్టాడు. మనిషి బతికాడు. తెల్లారి ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. ట్రే మాత్రం అక్కడే ఉంది. అర కూడా మారలేదు. ఆమె సంచి పట్టుకుని బస్టాండు దాకా నేనే పోయాను. రెండు నెలల కింద నాకూ ఇట్లాగే అయిందని అప్పుడు కూడా నోరు విప్పలేదు.

నేను ముందే చెప్పి ఉంటే ఆ యాంపుల్స్ వేరే డబ్బాలోకి పోయేవి. ఆ పని అయిదు నిమిషాలది.

కాబట్టి మీ వార్డుకు పోయిన మొదటి రోజే చేయాల్సిన పని ఇది. ఇంజక్షన్ ట్రే ముందు కూర్చుని, అన్నీ బయట పెట్టి చూడండి. పొటాషియం క్లోరైడ్‌ను ట్రేలో ఉంచకూడదు. వేరే డబ్బాలో, తాళంలో, పైన ఎర్ర కాగితం అంటించి "కలపకుండా ఇవ్వరాదు" అని తెలుగులో పెద్దగా రాసి పెట్టాలి. చూపుకు ఒకేలా ఉండే యాంపుల్స్ ఏవున్నా పక్కపక్కన పెట్టొద్దు. లేబుల్‌ను మూడుసార్లు చదవండి: డబ్బాలోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి లాగేటప్పుడు, ఖాళీ యాంపుల్ కింద పెట్టేటప్పుడు. సూది ఇచ్చేదాకా ఖాళీ యాంపుల్ పారేయొద్దు. మందు నింపిన సిరంజిని పేరు రాయకుండా ట్రేలో వదిలిపెట్టొద్దు. ఎవరో పిలిచారని రెండు నిమిషాలు పక్కకు పోయొస్తే అందులో ఏముందో మీకే అనుమానం వస్తుంది. అనుమానం వస్తే పారబోయండి, మందు పోయినా పర్వాలేదు.

పేషెంట్ "మండుతున్నది" అంటే ముందు ఆపండి. ఎందుకో తరవాత ఆలోచించవచ్చు. అటెండెంటు "పొద్దుగాల ఎర్రగోలి ఇచ్చిండ్రు, గిది తెల్లగున్నదేంది?" అని అడిగితే, "నీకేం తెలుసు" అని కసురుకోవద్దు. చార్టు తీసి చూడండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు కంపెనీ మారి ఉంటుంది. పదోసారి ఆమే మిమ్మల్ని కాపాడుతుంది. ఆ రాత్రి నన్ను కాపాడింది చదువురాని మనిషి.

ఇన్సులిన్ గురించి ఒక మాట. మన సప్లైలో ఎక్కువగా వచ్చే వయల్ మిల్లీకి 40 యూనిట్లది, దాని సిరంజి ఎర్రమూతది. ఇళ్ళ నుంచి తెచ్చుకునే ఇన్సులిన్ పెన్నుల్లో ఎక్కువగా మిల్లీకి 100 యూనిట్లు. మిల్లీకి 100 యూనిట్లుండే వయల్‌లోంచి ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగితే లోపలికి పోయేది 10 యూనిట్లు కాదు, 25. పెన్ను కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో ఎప్పుడూ లాగొద్దు. చార్టులో "యూనిట్లు" అని పూర్తిగా రాయండి. పొట్టిగా ఒక్క ఇంగ్లీషు అక్షరం రాస్తే తొందరలో అది సున్నాలా కనపడి 10 కాస్తా 100 అవుతుంది.

డాక్టరుకు ఫోన్ చేయడం

"సార్ తిడతాడేమో" అనే మాట డ్యూటీ రూములో నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. తిట్టినా తిట్టనీ. ఫోన్ చేయాల్సిన టైముకు చేయండి. ఎట్లా చేయాలో నేర్చుకుంటే తిట్లు కూడా తగ్గుతాయి.

పత్తి పండే మన జిల్లాల్లో పురుగుల మందు తాగిన కేసు రాని వారం అరుదు. మొదటి రాత్రి దాని విరుగుడు మందు అట్రోపిన్‌తో గడుస్తుంది. ఛాతీలో గురగుర తగ్గిందా, చెమట ఆరిందా, నాడి 80 దాటిందా అని మొదట్లో పావుగంటకోసారి చూస్తాం. అట్రోపిన్ ఎక్కువైతే ఒళ్ళు వేడెక్కి, నోరెండి, గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులాడిస్తాడు. ఇంటోళ్ళు దయ్యం పట్టిందని తాయెత్తు తెస్తామంటారు. తాయెత్తు వద్దనడం కంటే ముందు డాక్టరుకు చెప్పడం మన పని. పొట్ట కింద ఉబ్బిందా, మూత్రం పోతున్నదా చూడాలి. వచ్చిన వెంటనే గ్లౌజులు వేసుకుని బట్టలు తీసేసి ఒళ్ళు కడగడం మరవొద్దు. ఆ పురుగుల మందు మన చర్మంలోంచి కూడా దిగుతుంది.

అసలు గండం రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఉంటుంది. మనిషి తేరుకుని మాట్లాడుతుంటాడు, ఇంటోళ్ళు ఇడ్లీ తెస్తారు, అందరం ఊపిరి పీల్చుకుంటాం. ఆ టైములో కండరాలు చచ్చుబడి శ్వాస ఆగిపోవచ్చు. దాన్ని ముందే పట్టుకునే పరీక్షకు ఏ మిషనూ అక్కర్లేదు. మంచం పక్కన నిలబడి "తల దిండు మీంచి లేపు నాయనా" అనండి. నిన్న లేపినవాడు ఇవాళ లేపలేకపోతే ఫోన్ తీయండి. నేను ప్రతి రౌండుకూ ఈ మాట అడుగుతాను. వార్డులో పిల్లలు దీన్ని "దిండు పరీక్ష" అంటారు.

ఫోన్‌లో "సార్, 14 బెడ్ పేషెంట్ మంచిగ లేడు, జర వస్తారా" అంటే నిద్రలో ఉన్నాయనకు ఏం అర్థమవుతుంది? ఇట్లా చెప్పండి:

"సార్, మేల్ మెడికల్ నుంచి సిస్టర్‌ను. 14 బెడ్, నలభై అయిదేళ్ళు, మొన్న రాత్రి పురుగుల మందు తాగి వచ్చిండు. పొద్దున దాకా తల మంచిగ లేపిండు, ఇప్పుడు దిండు మీంచి లేపలేకపోతుండు. ఊపిరి నిమిషానికి 32, పైపైనే ఆడుతున్నది. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 90. శ్వాస కండరాలు వీక్ అయితున్నయని నా అనుమానం. మీరు ఇప్పుడే రావాలె సార్. ఇంట్యుబేషన్ (ఊపిరి గొట్టం వేసే) ట్రే రెడీ పెడుతున్న."

ఎవరు, ఎవరి గురించి, ముందు ఎట్లుండె, ఇప్పుడెట్లున్నడు, నా అనుమానం ఏంటి, నాకేం కావాలె. ఆఖరి రెండూ చెప్పడానికే మన నోరు రాదు. "అనుమానం చెప్పడానికి నేనెవరిని" అనుకుంటాం. పన్నెండు గంటలు ఆ మనిషిని చూసింది మనమే, కాబట్టి చెప్పే హక్కు మనదే. ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించండి: "సార్, ఫలానా మందు, ఇంత డోసు, నరంలోకి, ఇప్పుడే. కరెక్టేనా?" ఆయన "కరెక్టే" అన్నాకే ఇవ్వండి. డోసు ఎక్కువ అనిపిస్తే "సార్, ఇది ఎక్కువ అనిపిస్తున్నది, ఒక్కసారి చూస్తారా" అనండి. "డాక్టరు రాసిండు కదా" అన్నది మనకు రక్షణ కాదు. రాసిన చెయ్యి ఆయనది, ఎక్కించే చెయ్యి మనది.

చేతులు మారే టైము

మా దగ్గర పొద్దున 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి డ్యూటీ మారుతుంది. మిర్యాలగూడ, హాలియా బస్సు అందుకోవాలని సగం మంది చూపు గడియారం మీదే ఉంటుంది. నేనూ ఏళ్ళ తరబడి ఆ బస్సులోనే తిరిగాను, ఆ తొందర తెలుసు. అయినా హ్యాండోవర్ (పేషెంట్లను తరవాతి డ్యూటీవాళ్ళకు అప్పగించడం) టేబుల్ దగ్గర వద్దు, మంచం దగ్గర చేయండి. దుప్పటి తీసి చూపించండి. కాన్యులా ఉబ్బిందా, సెలైన్ ఎంత పోయింది, మూత్రం బ్యాగు ఎంత నిండింది, నడుము కింద పుండు మొదలైందా. టేబుల్ దగ్గర "అంతా మంచిగనే ఉన్నరు" అనే మాట సులువుగా వస్తుంది. మంచం ముందు నిలబడితే రాదు.

మర్రిగూడ, మునుగోడు దిక్కు నుంచి వచ్చే పెద్దవాళ్ళలో ఫ్లోరైడ్‌తో నడుము, మెడ కర్రలా బిగుసుకుపోయిన వాళ్ళుంటారు. మెడ వెనక్కి వంగదు. ఆపరేషన్‌కు పోతుంటే ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే తెలియాలి, గొట్టం వేయడం కష్టమవుతుంది. ఎక్స్‌రే కోసం భుజాలు పట్టి గుంజొద్దు. "ఎట్ల పండుకుంటవు తాతా?" అని ఆయన్నే అడిగి దిండ్లు పెట్టండి.

రక్తం ఎక్కించేటప్పుడు మంచం దగ్గరే ఇద్దరు చూడాలి: మనిషి పేరు, ఐపీ నంబరు, గ్రూపు, బ్యాగు నంబరు, ఎక్స్‌పైరీ. ఇద్దరిలో ఒకరు చదవాలి, ఒకరు సరిచూడాలి. ఇద్దరూ కలిసి తలూపడం చూడటం కాదు. మొదటి 15 నిమిషాలు అక్కడి నుంచి కదలొద్దు. బ్యాగు 4 గంటల్లోపు అయిపోవాలి.

చేతుల సంగతి అందరికీ తెలుసు కాబట్టి పొడిగించను. హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్ళూ అయితే 40 నుంచి 60. ఎండాకాలం నల్లాలో నీళ్ళు రాకపోతే ఇంచార్జి దగ్గరికి పోయి కొట్లాడండి. రబ్ సీసా ట్రాలీ మీదే ఉండాలి, అల్మారాలో కాదు.

తప్పు జరిగిపోతే

జరుగుతుంది. నాకూ జరిగింది, మీకూ జరుగుతుంది. మొదట మందు ఆపండి. బీపీ, నాడి, ఊపిరి, శాచురేషన్ చూడండి. డాక్టరుకు వెంటనే చెప్పండి, "నేను ఇది ఇయ్యబోయి అది ఇచ్చిన సార్" అని ఉన్నదున్నట్టు. తప్పు మందు పేరు తెలిస్తేనే ఆయన విరుగుడు ఇయ్యగలడు. ఖాళీ యాంపుల్ పారేయకుండా డాక్టరుకు చూపించడానికి ఉంచండి. కేస్ షీట్లో టైముతో రాయండి. వైట్నర్ పూయొద్దు, పేజీ చింపొద్దు. ఇంటోళ్ళకు డాక్టరుతో కలిసి చెప్పండి. కోపం చేస్తారు. దాచి, తరవాత బయటపడితే వచ్చే కోపం దానికి పదింతలు.

ఇప్పుడు నాలాంటి ఇంచార్జిలకు. ఒక పిల్ల వణుక్కుంటూ వచ్చి తప్పు చెప్తే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "పేషెంట్ ఎట్లున్నడు?" కావాలి. రెండోది "ఎట్ల జరిగింది?" "ఎవరు చేసిన్రు?" అని మొదలుపెడితే ఆ వార్డులో ఇంకెవరూ నోరు విప్పరు. నిర్లక్ష్యం వేరు, తాగి డ్యూటీకి రావడం వేరు, వాటికి శిక్ష ఉండాల్సిందే. రెండు యాంపుల్స్ ఒకేలా ఉండి, ఒక్క సిస్టర్ మీద నలభై మంది ఉండి, రాత్రి మూడింటికి చెయ్యి పొరబడటం వేరు. జనరల్ వార్డులో ఎంతమంది పేషెంట్లకు ఒక నర్సు ఉండాలన్నదానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ఉంది. మన వార్డులో ఎంతమందికి ఎంతమంది ఉన్నారో ప్రతి డ్యూటీకి రిపోర్టు పుస్తకంలో రాయండి. అడిగే రోజు వస్తే కాగితం మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచి ఏటా సెప్టెంబర్ 17న పేషెంట్ భద్రత దినం జరుపుతున్నది. కరోనా నడుస్తున్న 2020లో ఆ రోజును ఆరోగ్య సిబ్బంది భద్రతకే కేటాయించింది. ఆ రోజు మన వార్డుల్లో ముగ్గులు, బ్యానర్లు వేస్తాం. పక్కనే ఏ డ్యూటీలో ఎంతమంది ఉన్నారో చెప్పే రోస్టర్ కూడా అంటించండి.

గండం పుస్తకం

ఆ ఫారం తిరిగిచ్చిన తెల్లారే దుకాణంలో ఒక వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. అట్ట మీద "గండం పుస్తకం" అని రాశాను. తప్పు జరగబోయి ఆగితే మన నోటికి వచ్చే మాట "గండం తప్పింది" కదా, అదే పేరు. డ్యూటీ రూములో గడియారం కింద దారంతో వేలాడుతుంటుంది. చేసినవాళ్ళ పేరు రాయొద్దు. టైము, ఏం జరగబోయింది, ఏది ఆపింది, మూడు వాక్యాలు చాలు. ఆయాలు, వార్డ్ బాయ్‌లు నోటితో చెప్తే మనం రాయాలి. సోమవారం పొద్దున రౌండ్స్‌కు ముందు పది నిమిషాలు అందరం నిలబడి చదువుతాం. ఒక్కో దానికి ఒక్కటే ప్రశ్న: ఇది మళ్ళీ కాకుండా ఈ వార్డులో ఏ వస్తువు, ఏ అలవాటు మారాలి? మారిస్తే కిందనే తారీఖుతో రాస్తాం.

మొదటి నెలంతా పేజీ ఖాళీగానే ఉంది. ఎవరూ రాయరని అర్థమై మొదటి పేజీలో నేనే రాశాను, ఇరవై ఏళ్ళ కిందటి ఎర్రగీత యాంపుల్ సంగతి. చదువుతుంటే నా గొంతు వణికింది. ఆ వారమే రెండు వచ్చాయి.

పోయిన నెల కొత్తగా చేరిన తమ్ముడొకడు రాసింది ఇది: "రాత్రి 3. 6 బెడ్ సైదమ్మ ఇంజక్షన్ పట్టుకోని 9 బెడ్ సైదమ్మ దగ్గరికి పోయిన. ఏ ఊరమ్మా అని అడిగిన. నిడమనూరు అన్నది. షీట్ మీద హాలియా ఉన్నది. వెనక్కి వచ్చిన."

దాని కింద నేను రాశాను: ఒకే పేరున్న వాళ్ళను పక్క పక్క వరసల్లో పడుకోబెట్టొద్దు, షీట్ మీద ఊరి పేరు ఎర్ర పెన్నుతో పెద్దగా రాయాలి. ఆ పొద్దున రౌండ్స్ మొదలు కాకముందే 9 బెడ్ సైదమ్మను కిటికీ పక్కకు మార్చాం. అక్కడ ఫ్యాను మంచిగ తిరుగుతుందని ఆమె సంబరపడ్డది.